అంబులెన్సు వచ్చేలోగా...

అంబులెన్సు అంటే రోగిని గబగబా ఆస్పత్రికి చేర్చే బండి అని చాలామంది అభిప్రాయం. నిజానికి వైద్యం మొదలు కావలసింది ఆస్పత్రి మెట్లెక్కిన తరువాత కాదు, మనిషి పడిపోయిన చోటనే. ఈ సంగతిని ఆచరించి చూపిన డాక్టర్లలో ముఖ్యురాలు అమెరికాకు చెందిన నాన్సీ కరొలిన్ (1944–2002).

పోలీసు వ్యానులో రోగులు

1960లలో పిట్స్‌బర్గ్ నగరంలో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే పోలీసు వ్యాను వచ్చేది. రోగిని వెనక పడుకోబెట్టి తీసుకుపోవడమే! దారిలో ఊపిరి ఆడుతున్నదీ లేనిదీ చూసే నాథుడు ఉండేవాడు కాదు. నల్లజాతివారు నివసించే హిల్ డిస్ట్రిక్ట్ పేటవారి పాట్లు మరీ ఎక్కువ. డాక్టర్ పీటర్ సఫార్ తోడ్పాటుతో 1967లో అక్కడ 'ఫ్రీడం హౌస్' అంబులెన్సు సంస్థ వెలిసింది. పనిలేక తిరుగుతున్న ఆ పేట యువకులకే ప్రాణరక్షణ విద్య నేర్పారు.

1974లో ఆ సంస్థ వైద్య బాధ్యతలు చేపట్టిన నాన్సీ ఆస్పత్రిలో కూర్చోలేదు. అంబులెన్సులో తానూ వెళ్ళి, రోగి పక్కనే నిలబడి పని నేర్పింది. 1975లో నగరం సొంత సర్వీసు ప్రారంభించినప్పుడు పాతవారి ఉద్యోగాల కోసం పట్టుబట్టింది. అయినా వారిలో చాలామందికి అక్కడ చోటు నిలవలేదు. అంబులెన్సు సిబ్బంది కోసం ఆమె రాసిన పాఠ్యగ్రంథం 1979లో వెలువడింది.

ఎక్కడ ఆపాలి?

తరువాత ఇజ్రాయెల్‌లో అంబులెన్సు వ్యవస్థకు వైద్యాధికారిగా పనిచేసిన ఆమె, చివరి సంవత్సరాలలో నయంకాని రోగుల సేవకు పూనుకుంది. ప్రాణాలు కాపాడే డాక్టరు మరణించేవారి దగ్గర కూర్చోవడమేమిటి అనిపించవచ్చు. కాని రెండూ ఒకే ధర్మం. బతికే అవకాశం ఉంటే క్షణం వృథా చేయరాదు. లేనప్పుడు బాధ తగ్గించడమే వైద్యం. మీ ఇంట్లో నయంకాని జబ్బుతో ఉన్నవారుంటే, ఏ చికిత్స కావాలో, ఏది వద్దో వారు తెలివిలో ఉండగానే అడిగి తెలుసుకోండి. డాక్టరుతోనూ ముందే మాట్లాడండి.

మీరేం చేయాలి?

హైదరాబాదులో 2005 ఆగస్టు 15న ప్రారంభమైన 108 సర్వీసు మనకు తెలిసినదే. ఆ బండి వచ్చేలోగా చేయవలసినవి ఇవి:

● ఎవరైనా కుప్పకూలితే భుజం తట్టి పిలవండి. పలకకపోతే వెంటనే 108కి ఫోను చేయించండి.

● ఊపిరి లేకపోయినా, ఉండుండి ఎగశ్వాస పీలుస్తున్నా, వెల్లకిలా పడుకోబెట్టి ఛాతీ మధ్య రెండు చేతులతో నొక్కండి. పెద్దవారికైతే నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండు అంగుళాల లోతున. సాయం అందేదాకా ఆపవద్దు.

● స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు, సోడా పోయరాదు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

● రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి.

రోడ్డు ప్రమాదం అయితే కేసులో ఇరుక్కుంటామని వెనుకాడేవారున్నారు. సదుద్దేశంతో సాయపడినవారికి 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం రక్షణ ఇస్తున్నది. కనుక దూరంగా నిలబడి చూడకండి. బండి వచ్చేదాకా ఆ ప్రాణం మీ చేతుల్లోనే ఉంటుంది.