పొక్లెయిన్ మెకానిక్ పని

హంసలదీవి దగ్గర కృష్ణమ్మ సముద్రంలో కలుస్తుంది. ఈ దివిసీమలో రొయ్యల చెరువు తవ్వాలన్నా, మురుగు కాలవ పూడిక తీయాలన్నా, కరకట్టకు మట్టి పోయాలన్నా యంత్రం రావాల్సిందే. అటు బందరులో 2023లో ఓడరేవు పనులు మొదలయ్యాయి. అక్కడా ఇలాంటి యంత్రాలే.

ఇనప పట్టాల మీద నడిచేదాన్ని పొక్లెయిన్ అంటాం. చక్రాల మీద నడిచే పసుపు బండిని జె.సి.బి. అంటాం. నిజానికి ఇవి కంపెనీల పేర్లు. మొదటిది ఫ్రాన్సు దేశానిది, రెండోది ఇంగ్లండుది. మన నోట అవే యంత్రాల పేర్లయ్యాయి.

యంత్రం ఆగితే యజమానికి అద్దె రాదు. బ్యాంకు కిస్తీ మాత్రం ఆగదు. అందుకే మంచి మెకానిక్ అంటే అంత గౌరవం.

మరి ఈ పని ఎలా మొదలవుతుంది? పది పాసైనవారు ఐ.టి.ఐ.లో డీజిల్ మెకానిక్ కోర్సు చేరవచ్చు. అది ఒక సంవత్సరం. తర్వాత అప్రెంటిస్‌గా చేరితే పని నేర్చుకుంటూనే నెలకు కొంత సొమ్ము వస్తుంది. అంత చదువు లేనివారు మేస్త్రీ దగ్గర హెల్పర్‌గా చేరతారు. పద్నాలుగేళ్ళు నిండని పిల్లల్ని మాత్రం పనిలో పెట్టకూడదు. అది నేరం.

హెల్పర్ చేతికి మొదట పానా రాదు. గుడ్డముక్క, గ్రీజు గన్ను వస్తాయి. చాలామంది కుర్రాళ్ళు ఇక్కడే విసుక్కుంటారు. కాని ఇది చిన్న పని కాదు. యంత్రం చెయ్యి వంగేచోట లావుపాటి పిన్నులు ఉంటాయి. వాటిలోకి బురద, ఉప్పునీరు చేరితే పిన్ను అరిగిపోతుంది. కొత్త గ్రీజు ఎక్కిస్తే పాత గ్రీజు బురదతో సహా బయటికి వస్తుంది. మన తీరంలో ఉప్పుగాలికి ఇనుము ఊరికే తుప్పు పడుతుంది. చెరువు పని అయ్యాక యంత్రాన్ని మంచినీళ్ళతో కడగాలి. ఆ తర్వాతే గ్రీజు.

ఇక లెక్క. ఈ యంత్రానికి కిలోమీటర్లు కాదు, గంటలు లెక్క. ఎన్ని గంటలు తిరిగిందో మీటరు చూపిస్తుంది.

"ఒరే అబ్బాయ్, మీటరు ఎంతుందిరా?"

"1242 అండి, మేస్త్రీగారూ."

"ఆయిల్ ఎప్పుడు మార్చాం?"

"1000 దగ్గరండి. పుస్తకంలో రాసి ఉంది."

ఆ యంత్రానికి 250 గంటలకొకసారి ఇంజను ఆయిల్ మార్చాలనుకోండి. అంటే 1250కి మార్చాలి. ఇంకా 8 గంటలే ఉంది. ఒక్క రోజు పని! అంకె చదవలేనివాడు, రాసిపెట్టనివాడు ఈ సంగతి ఎలా చెబుతాడు? ఏ యంత్రానికి ఎన్ని గంటలో దానితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. అందాజుగా చేయకూడదు.

అన్నిటికంటే ముఖ్యం ప్రాణం. ఈ యంత్రం చేతిని కదిపేది నూనె. పంపు నూనెను గట్టిగా తోస్తుంది. ఆ తోపుకే బకెట్టు లేస్తుంది. నూనె గొట్టానికి సూదిమొనంత చిల్లు పడితే, కంటికి కనబడనంత సన్నగా చిమ్ముతుంది. చేత్తో తడిమి చూస్తే చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది. పైకి చీమ కుట్టినట్టే ఉంటుంది. నొప్పి లేదని ఇంటికి వెళ్ళి పడుకుంటే వేలు, చెయ్యి కూడా తీసేయాల్సి రావచ్చు. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. నూనె లోపలికి వెళ్ళిందని డాక్టరుగారికి చెప్పాలి. చిల్లు వెతకాలంటే ముఖానికి, కళ్ళకు దూరంగా పెట్టి అట్టముక్క వాడాలి.

లేచి ఉన్న బకెట్టు కిందికి ఎన్నడూ దూరకూడదు. గొట్టం తెగితే అది ఒక్కసారిగా పడుతుంది. ముందు బకెట్టును నేలకు దించాలి. ఇంజను ఆపాలి. తాళంచెవి తీసి జేబులో వేసుకోవాలి. మేస్త్రీ తొందరపెట్టినా సరే, పానా పట్టేది ఆ తర్వాతే.