వేలిముద్ర వేస్తే కూలి దక్కిందా?

సంతకం రానివాణ్ణి 'వేలిముద్రగాడు' అని ఎగతాళి చేయడం మన సీమలో పాత అలవాటు. ఆ వేలిముద్రనే పట్టుకుని, పేదల డబ్బు దారిలో ఎంత జారిపోతున్నదో లెక్క తీసిన ఒక పెద్ద పరిశోధన ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల పల్లెల్లోనే జరిగింది. ఆ లెక్క అమెరికా విశ్వవిద్యాలయాల దాకా పోయింది గాని, లెక్క చెప్పిన కూలీల ఊళ్లకు తిరిగి వచ్చినట్లు లేదు.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న పక్కనే అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన సంగతి తెలిసిందే. గుంతలు తవ్వినవారికి, కట్టలు పోసినవారికి కూలి చాలాచోట్ల పోస్టాఫీసు ద్వారా వచ్చేది. పింఛను డబ్బు పంచాయతీ సిబ్బంది చేతుల మీదుగా అందేది. ఈ పాత పద్ధతే సాగిన మండలాల్లో, 2012లో అడిగి చూస్తే, పని చేసిన సగటున 34 రోజులకు గాని కూలి చేతికి రాలేదు. ఆ డబ్బు తెచ్చుకోవడానికి ప్రతిసారీ రెండు గంటలకు కాస్త తక్కువ సమయం పట్టేది. కోసిగి, ఆదోని వైపు పల్లెల్లో నెల దాటినా కూలి రాకుంటే, పిల్లల్ని ముసలివాళ్లకు అప్పగించి గుంటూరు మిరప కోతలకు సుగ్గి పోక ఏం చేస్తారు?

మాట్లాడే యంత్రం

దీనికి మందుగా అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్మార్టు కార్డు పద్ధతి తెచ్చింది. ఊళ్లో శిబిరం పెట్టి వేలిముద్రలు, ఫొటో తీసుకున్నారు. బ్యాంకు ఖాతా తెరిచారు. డబ్బు పంచే బాధ్యత ఊరి మహిళకే అప్పగించాలన్నారు. ఆమె పొదుపు సంఘం సభ్యురాలై ఉండాలి, హైస్కూలు చదువు పూర్తి చేసి ఉండాలి, ఊరి అధికారులకు చుట్టం కాకూడదు. వీలైతే దళిత, గిరిజన కులాల నుంచి ఎంచుకోవాలి. పై మూడింటిలో 'చుట్టం కాకూడదు' అన్న నిబంధన పెట్టినవారికి పల్లెటూరి సంగతులు బాగానే తెలిసి ఉండాలి!

ఆమె చేతిలోని చిన్న యంత్రంలో కార్డు పెట్టి వేలు ఆనిస్తే, కార్డులో దాచిన ముద్రతో సరిచూసి, డబ్బు ఇవ్వగానే రశీదు వచ్చేది. కొన్ని యంత్రాలు ఎంత ఇచ్చిందీ తెలుగులో బిగ్గరగా చెప్పేవి. చదువు రాని అవ్వకు రశీదు కంటే ఆ గొంతే ఎక్కువ పనికొచ్చేదని వేరే చెప్పనక్కరలేదు.

చీట్లు వేసి మండలాల ఎంపిక

కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ముగ్గురు ఆర్థిక శాస్త్ర ఆచార్యులు ఇక్కడ రంగంలోకి వచ్చారు. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో 2003లో ఏర్పడిన 'జె-పాల్' పరిశోధన కేంద్రం దక్షిణాసియా శాఖ వారికి తోడు నిలిచింది. కొత్త పద్ధతిని అన్ని మండలాల్లో ఒకేసారి పెట్టడం ఎలాగూ కుదరదు. అలాంటప్పుడు ఎక్కడ ముందో నాయకులు గాక చీటీ తేల్చాలని ప్రభుత్వాన్ని ఒప్పించారు. కర్నూలు, కడప, అనంతపురం, నెల్లూరు, ఖమ్మం, నల్గొండ, ఆదిలాబాదు, విజయనగరం జిల్లాల్లో 112 మండలాలకు కార్డులు ముందుగా వచ్చాయి. 45 మండలాలకు చివరగా వచ్చాయి. ఈ ప్రాంతాల గ్రామీణ జనాభా సుమారు 1 కోటి 90 లక్షలు. నేల, వాన, జనం ఒకే తీరుగా ఉన్న మండలాలు రెండు వైపులా పడతాయి గనుక, తర్వాత కనబడే తేడా కార్డుదేనని చెప్పడానికి వీలవుతుంది.

కారిపోయిన డబ్బును లెక్కపెట్టిన తీరు కూడా తేలికగా అర్థమయ్యేదే. ప్రభుత్వ కాగితాల్లో ఫలానా ఇంటికి ఇంత ఇచ్చామని ఉంటుంది. ఆ ఇంటికే పోయి, మీకు ఎంత వచ్చిందని అడుగుతారు. రెండింటి మధ్య తేడాయే కారినది. పాత పద్ధతి మండలాల్లో ఉపాధి కూలిలో నూటికి 30 రూపాయలకు పైగా ఇలా ఎక్కడో ఆగిపోతున్నట్లు తేలింది. లేని మనుషుల పేర్లు, చేయని పనిదినాలు, చేసినవాడికి తగ్గించి ఇచ్చినవీ అన్నీ అందులో ఉన్నాయి.

కార్డు మండలాల్లో ఈ కారుడు 41 శాతం తగ్గింది. కూలి సుమారు 6 నుంచి 10 రోజులు ముందుగా వచ్చింది. డబ్బు తెచ్చుకునే సమయం 22 నిమిషాలు తగ్గింది. ప్రభుత్వ ఖర్చు పెరగలేదు గాని, కుటుంబానికి వారానికి 35 రూపాయలు, అంటే 24 శాతం, అదనంగా చేరింది. రెండేళ్లు గడిచినా ఆ మండలాల్లో సగం చెల్లింపులే కార్డు ద్వారా జరిగాయన్నది కూడా గమనించాలి. సగం పనికే ఇంత ఫలితం వచ్చిందన్న మాట.

2013లో ప్రభుత్వం ఈ కార్డులను ఎత్తివేయాలని ఆలోచించింది. కింది నుంచి పైకి వచ్చినవన్నీ ఫిర్యాదులే కావడం అందుకు కారణం. యంత్రం పనిచేయలేదని, కొత్త పద్ధతి ఇబ్బందిగా ఉందని అధికారుల ద్వారా కబుర్లు పోయాయి. రాబడి తెగినవాడికి నోరు పెద్దది. వారానికి 35 రూపాయలు మిగిలిన కూలీ హైదరాబాదు పోయి చెప్పడు గదా! అప్పుడు ఆచార్యులు తమ సర్వే ముందు పెట్టారు. కార్డు వాడినవారిలో నూటికి 90 మంది పాత పద్ధతి కంటే ఇదే మేలన్నారు. ఎత్తివేత ఆగింది. పరిశోధన 2016లో 'అమెరికన్ ఎకనామిక్ రివ్యూ' పత్రికలో వెలువడింది.

దీనికి కొనసాగింపుగా 2023లో వచ్చిన మరో పత్రం రైతులకూ ఆసక్తి కలిగించేదే. కార్డు మండలాల్లో పేద కుటుంబాల సంపాదన 14 శాతం పెరగగా, ఆ పెరుగుదలలో 86 శాతం ఉపాధి పనుల నుంచి గాక బయటి పనుల నుంచి వచ్చింది. ప్రభుత్వ కూలి సక్రమంగా అందేచోట పొలం యజమాని కూడా కూలి పెంచక తప్పలేదు. కూలి పెరిగితే పొలం పని తగ్గిపోతుందన్న భయమూ నిజం కాలేదు. పని దొరకడం కూడా పెరిగింది.

అన్నిచోట్లా ఒకటే కాదు

ఇంతమాత్రాన యంత్రం పెడితే చాలునని అనుకోరాదు. అప్పటి కార్డులో ముద్ర కార్డులోనే ఉండేది. తరువాత వచ్చిన ఆధార్ పద్ధతిలో ముద్రను ఎక్కడో దూరాన ఉన్న కేంద్రంతో ఇంటర్నెట్ ద్వారా సరిచూడాలి. సిగ్నల్ లేకుంటే బియ్యం లేదు. బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు బండలు కోసేవారికి, పార పట్టి పట్టి వేళ్లు అరిగిన ముదుసళ్లకు గీతలు సరిగా పడకపోవడం కూడా ఉన్న కష్టమే. ఇదే ఆచార్యులు జార్ఖండ్‌లో రేషన్ దుకాణాలను పరిశీలిస్తే, వేలిముద్ర తప్పనిసరి చేసినందువల్ల మాత్రమే దొంగతనం తగ్గలేదు. ఆధార్ ముందుగా జత చేసుకోని కుటుంబాలకు అందే సరుకు మాత్రం 10 శాతం తగ్గింది. సీమలో డబ్బును మనిషి దగ్గరికి తెచ్చారు, అక్కడ మనిషిని యంత్రం ముందు నిలబెట్టి పరీక్ష పెట్టారు.

2018లో తెలంగాణలో రైతుబంధు చెక్కులు పంచినప్పుడు యంత్రం జోలికే పోలేదు. చెక్కు అందిందా లేదా అని రైతులకే ఫోను చేసి అడుగుతామని కొన్ని మండలాల వ్యవసాయ అధికారులకు ముందుగా తెలియజేశారు. ఆ ఒక్క కబురుతో ఆ మండలాల్లో చెక్కు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది.