నాడి గతి తప్పుట

బందరు, గుడివాడ, దివిసీమల పెద్దలారా! నాడీపరీక్ష శార్ఙ్గధరసంహితయందే కలదు. నాడికి మూలమైన తాళమును నవీనులు వెదకిరి. 1903లో హాలండున ఐంథోవెన్ హృదయవిద్యుత్తును రేఖలుగా వ్రాయించు యంత్రమును ప్రకటించెను. 1907లో ఇంగ్లండున కీత్, ఫ్లాక్ అనువారు గుండె కుడి పైయరలో ఆ తాళము వేయు కణపుంజమును కనుగొనిరి.

అది చెడుటకు వార్ధక్యము, రక్తపుపోటు, మద్యము మున్నగునవి కారణములు. మన దేశమున మరువరాని కారణ మింకొకటి గలదు: బాల్యమందలి గొంతునొప్పి. స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మజీవివలన కలిగిన గొంతునొప్పికి చికిత్స లేనిచో, కొందరు బాలురకు కీళ్లవాతజ్వరము వచ్చి హృదయకవాటము ముడుచుకొనును. దానిచే ఎడమ పైయర సాగి, ఏండ్లకు నాడి క్రమము తప్పును. అచ్చట గడ్డకట్టిన నెత్తురు మెదడున కెక్కినచో పక్షవాతమే. సకాలమున వైద్యుడిచ్చు పెన్సిలిన్ ఈ గొలుసును మొదటనే త్రెంచును.

కావున మనుమల గొంతునొప్పిని, కీళ్లవాపును ఉపేక్షింపకుడు. మీ నాడి తప్పినచో ముసలితనమని సరిపెట్టుకొనక ఇ.సి.జి. తీయించుకొనుడు.