స్థూలకాయమునకు శస్త్రచికిత్స: రెండు విధముల తారతమ్యము

కరవుసీమయగు కంబదూరున స్థూలకాయమును గూర్చి వ్రాయుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని చక్కెరవ్యాధి నేడు పట్టణవాసులకు మాత్రమే పరిమితము గాదు. బరువు తగ్గిన నా వ్యాధియు తగ్గునని విని, వేరుసెనగ పండు చేను కుదువబెట్టియైనను ఆపరేషను చేయించుకొన దలచువారు ముందుగా తెలిసికొనవలసిన సంగతులను ఇచట వ్రాయుచున్నాము.

ఇప్పుడు లోకమున విరివిగా జరుగుచున్నవి రెండు. స్లీవు అనుదానియందు ఆహారపుసంచిలో సుమారు ముప్పాతికవంతు కోసి తీసివేయుదురు. మిగిలినది అరటికాయవలె సన్నని గొట్టమగును. తీసినది మరల రాదు. బైపాసు అనుదానియందు సంచి పైభాగమున చిన్నతిత్తిని వేఱుచేసి, దానిని చిన్నప్రేవుతో కలుపుదురు. కాలువకు అడ్డకట్టవేసి నీటిని మళ్లించినట్లు, అన్నము పెద్దసంచిని, ప్రేవు మొదటిభాగమును తప్పించుకొని పోవును. దీనిని 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డు మేసను అను వైద్యుడు ప్రారంభించెను. అంతకుముందు ప్రేవులలో మిక్కిలిభాగమును తప్పించు ఆపరేషనొకటి యుండెడిది. కాలేయము చెడుచుండుటచే దానిని విడిచిరి. సంచికి పట్టీ బిగించు పద్ధతియు, పట్టీలను మరల తీయవలసివచ్చుచుండుటచే, వాడుకలో తగ్గినది.

ఫలితముల మాట. ఫిన్లండు దేశమున 240 మందిని చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విభజించి, ఒక జట్టునకు స్లీవును, వేఱొకదానికి బైపాసును చేసి, పదియేండ్ల ఫలితమును 2022లో ప్రకటించిరి. అదనముగానున్న బరువులో స్లీవువారికి నూటికి 43.5 వంతులు, బైపాసువారికి 50.7 వంతులు తగ్గెను. అనగా 40 కిలోలు అదనముగానున్న మనిషికి ఒకదానివలన 17, రెండవదానివలన 20 కిలోలు. మూడు కిలోలకై వాదులాడ నక్కఱలేదు. అసలు భేదము వేఱొకచోట నున్నది. లోపల గొట్టముతో పరీక్షింపగా, పుల్లని రసము పైకెగదన్ని అన్నవాహిక ఒరసిపోయినవారు స్లీవు జట్టులో నూటికి 31 మంది, బైపాసు జట్టులో 7గురు మాత్రమే. కావున గుండెమంట, పులిత్రేన్పులు ముందే కలవారు స్లీవునకు తొందరపడరాదు.

చక్కెరవ్యాధి విషయమున, అమెరికాలో 150 మంది రోగుల ఐదేండ్ల ఫలితములు 2017లో వెలువడెను. వైద్యులు పెట్టిన గుఱికి చక్కెరను తగ్గించుకొన్నవారు మందులతోనే యున్నవారిలో నూటికి 5గురు, స్లీవువారిలో 23, బైపాసువారిలో 29 మంది. మందులకంటె మేలే. అయినను ఆపరేషనైన వారిలోను నూటికి డెబ్బదిమందికి పైగా ఆ గుఱి నందుకొనలేదు. ఒక్క కోతతో షుగరు మాయమగునను మాటను సభ్యులు నమ్మరాదని మా యభిప్రాయము.

పిమ్మట నగు వ్యయమును లెక్కింపవలయును. బైపాసైనవారికి ఇనుము, సున్నము, బి12 విటమిను చాలినంత ఒంటబట్టవు. జీవితాంతము మాత్రలు మ్రింగుచు, ఏటేట రక్తపరీక్ష చేయించుకొనవలయును. స్లీవువారికిని మాత్రలు తప్పవు. మన స్త్రీలలో రక్తహీనత ఇదివఱకే మెండు. ఏడాదికే మాత్రలు మానువారికి బైపాసు ఆపదయగును. బెల్లపు పానకము, ఓళిగలు తిన్నచో కొందఱికి గుండెదడ, చెమట, విరేచనములు కలుగును. సారాయి త్వరగా తలకెక్కును.

మన మెట్టరైతు ముఖ్యముగా తలపవలసినది నీరు. ఎండలోనుండి వచ్చి చెంబెడు నీళ్లు ఒక్కమాఱుగా త్రాగుటకు చిన్నబడిన సంచి యొప్పదు. గుక్కెడు గుక్కెడుగా దినమెల్ల త్రాగుచుండవలయును. లేనిచో దేహమున నీరు తగ్గి ఆసుపత్రి పాలగుదురు. తొందరలేని ఆపరేషనును వేసవికి ముందు గాక, వేరుసెనగ కోత ముగిసిన వెంటనే పెట్టుకొనుట మేలు.

చేను కుదువబెట్టుటకు ముందు ఆరోగ్యబీమా పాలసీని చూచుకొనుడు. బీమా నియంత్రణ సంస్థ 2019లో ఏర్పఱచిన నియమముల ప్రకారము, ఇతర పద్ధతులు ఫలింపనిచో, వైద్యుని సలహాపై, 18 ఏండ్లు నిండినవారికి ఈ చికిత్సకు సొమ్ము దొరకుటకు వీలున్నది. కిలోల బరువును మీటర్లలోని పొడవు వర్గముచే భాగింపగా 40 గాని, అదుపునకు రాని చక్కెరవ్యాధివంటి తీవ్రరోగ మున్నయెడల 35 గాని రావలయును. 165 సెంటీమీటర్ల మనిషికి ఇవి సుమారు 109, 95 కిలోలగును. పాలసీ కాగితములను సంఘ కార్యాలయమునకు తెచ్చినవారికి చదివి చెప్పుదుము.