సరిహద్దు దాటే వైద్య సమాచారం – మేలెంత? కీడెంత?



పొన్నూరు చుట్టుపక్కల ఏ సంఘములోనైనా ఆదివారం ఆరాధన ముగిశాక క్షేమసమాచారాలు అడిగి చూడండి. "అమ్మాయి అమెరికాలో ఉందండీ, అబ్బాయి లండన్‌లో" అనే తల్లిదండ్రులు తప్పక కనబడతారు. కూతురి కాన్పుకని, మనుమల కోసమని ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ గడిపే పెద్దలు మనలో ఎందరో ఉన్నారు. మనిషి సముద్రం దాటుతున్నాడు, అతని జబ్బు చరిత్ర మాత్రం ఇంట్లో బీరువాలోనే ఉండిపోతున్నది.

మేమెరిగిన ఒక తల్లి సంగతి చెబుతాము. ఆమెకు గుండె కవాటం మార్చే ఆపరేషన్ జరిగింది. రక్తం గడ్డకట్టకుండా రోజూ ఎసిట్రాం మాత్ర వేసుకుంటుంది. అమెరికాలో కూతురింట ఉండగా ఒక సాయంత్రం ముక్కు నుండి రక్తం కారి ఆగలేదు. మన దేశములో వాడే ఆ మందు అమెరికాలో అమ్మకంలో లేదు, అక్కడ వాడేది వార్ఫరిన్. పెట్టింది ఏ రకపు కవాటం, రక్తపరీక్ష ఎంత ఉండాలన్నారు అని డాక్టర్లు అడిగితే కూతురికి తెలియదు. మరిది తెల్లవారుజామున లేచి, బీరువా తాళం తీయించి, కాగితాలను ఫోనులో ఫొటో తీసి పంపేదాకా అందరికీ ప్రాణాలు గుప్పిట్లోనే. దేవుని కృపవలన ఆమె క్షేమంగా తిరిగివచ్చింది.

చట్టాల వల్ల మేలు

ఇటువంటి కష్టం తీర్చడానికే దేశాలు నియమాలు ఏర్పరచుకుంటున్నాయి. ఐరోపా సమాఖ్యలో 2025 మార్చి 26న ఒక చట్టం అమలులోకి వచ్చింది. దాని ప్రకారం 2029 నాటికి రోగి ముఖ్య వివరాలు, మందుల చీటీలు, 2031 నాటికి స్కానింగులు, పరీక్షా ఫలితాలు ఒక సభ్యదేశం నుండి మరొక దేశపు డాక్టరుకు అందాలి. ఆ సమాచారాన్ని బీమా కంపెనీలు ప్రీమియం పెంచడానికి గానీ, వ్యాపార ప్రకటనలకు గానీ వాడరాదని కూడా ఆ చట్టమే నిషేధించింది.

మేలు స్పష్టమే. చేసిన పరీక్షే మళ్లీ చేయించే ఖర్చు తగ్గుతుంది. పడని మందు ఇచ్చే ప్రమాదం తప్పుతుంది. భాష కూడా ఒకటవుతుంది. మనం పారాసెటమాల్ అనేదాన్ని అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. మన లెక్కలో షుగరు 180 అయితే ఇంగ్లండు లెక్కలో అది 10. ఈ తేడా తెలియకపోతే కాగితం చేతిలో ఉన్నా ఉపయోగం తక్కువే.

కీడు లేదా?

ఉన్నది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్లపై దుండగులు దాడిచేస్తే రోజుల తరబడి పనులు చేతిరాతతో నడిచాయి. ఒకచోట పోగుచేసింది ఒకేసారి పోవచ్చు. పైగా జబ్బు సంగతి బయటపడితే పెళ్లి సంబంధాలు తప్పిపోయే సమాజం మనది. హెచ్.ఐ.వి., మానసిక వ్యాధి, గర్భస్రావం వంటివి రోగి అనుమతి లేకుండా పరులకు తెలియడం ఒక కుటుంబాన్ని కూల్చగలదు.

మన దేశములో 2021 సెప్టెంబరులో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 14 అంకెల ఆభా సంఖ్య ఇస్తున్నది. రోగి సమ్మతి ఉంటేనే వివరాలు చూపాలన్నది దాని నియమం. అయితే విదేశపు ఆసుపత్రిలో ఆ సంఖ్య చెప్పినంత మాత్రాన మన రికార్డు వారి ముందు తెరుచుకోదు. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ప్రభుత్వం నిషేధించిన దేశాలకు తప్ప సమాచారాన్ని పంపనిస్తుంది. అంటే వాకిలి తెరిచే ఉన్నది గానీ బాట ఇంకా పడలేదు.

అందుచేత మా అభిప్రాయమిది. తాళంచెవి రోగి చేతిలో ఉన్నంతవరకు ఈ నియమాలవల్ల మేలే ఎక్కువ. ఎవరు చూశారో రోగికి తెలియాలి. ఇచ్చిన సమ్మతిని వెనక్కు తీసుకొనే వీలుండాలి. చదువురాని అవ్వకు కూడా ఆమె భాషలో వివరించిన తరువాతే వేలిముద్ర అడగాలి. ఈ మూడూ లేని చట్టం ఎంత గొప్పదైనా బీదలకు భారమే.

ఇప్పుడు మనం చేయవలసింది

ప్రయాణానికి ముందే మీ డాక్టరుగారిచేత ఇంగ్లీషులో ఒక పేజీ వ్రాయించుకోండి. జబ్బులు, జరిగిన ఆపరేషన్లు, పడని మందులు, బ్లడ్ గ్రూపు, వాడే మందుల అసలు పేర్లు, మోతాదు అందులో ఉండాలి. కంపెనీ పేరు ఒక్కటే చాలదు. ఒక ప్రతి హ్యాండ్‌బ్యాగులో, మరొకటి పిల్లల దగ్గర ఉంచండి. ఆ కాగితాన్ని బంధువుల వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి.

మంచి సమరయుడు గాయాలు కట్టి ఊరుకోలేదు. పరాయివాడైనా ఆ మనుష్యుని పూటకూళ్లవానికి అప్పగించి, రెండు దేనారములు ఇచ్చి, మరల వస్తానన్నాడు. ఒక చేతినుండి మరొక చేతికి రోగిని నమ్మకంగా అప్పగించడం కూడా ప్రేమలో భాగమే. నేటి చట్టాలను మనం ఆ కొలతతోనే కొలుద్దాము. విదేశాలలోనున్న మన పెద్దలను ప్రభువు కాపాడును గాక!