కిర్రుమనే కారుకు గ్రీజు పూయవచ్చా?

"కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అని మన పెద్దల సామెత. ఎడ్లబండి ఇరుసుకు ఆముదం పూస్తే ఆ సంగీతం ఆగిపోయేది. మరి పాత కారు కిర్రుమంటే ఏం చేయాలి? "ఇంత గ్రీజు పూస్తే సరి" అంటారు చాలామంది. తొందరపడకండి! ముందు ఆ చప్పుడు ఎక్కడి నుంచి వస్తున్నదో చూద్దాం.

మా శేరిగూడ మీదుగా సాగర్ రోడ్డున పోయే ఏ లారీనైనా గమనించండి. చక్రాల దగ్గర ఒకదానిపై ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల కట్ట కనిపిస్తుంది. విల్లులా వంగి ఉంటుంది కనుక దానిని కమాను అంటారు. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్ కారుకు కూడా వెనుక చక్రాల దగ్గర కమానులే ఉండేవి. గతుకుల్లో కమాను వంగి లేస్తున్నప్పుడు దాని చివరలు కొద్దిగా అటూ ఇటూ తిరగాలి. అందుకోసం ఆ చివరల్లో గొట్టం వంటి చిన్న భాగాన్ని అమరుస్తారు. అదే బుష్.

బుష్షులలో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. మొదటిది లోహపు బుష్. దీనిలో పిన్ను జారుతూ తిరుగుతుంది. రెండు లోహ తలాలు ఒక క్షణం పట్టుకుని, మరుక్షణం జారి, మళ్ళీ పట్టుకుంటాయి. ఇది సెకనుకు వందలసార్లు జరిగితే కిర్రుమనే ధ్వని పుడుతుంది. వయొలిన్ తీగె పలికేది కూడా ఈ సూత్రం మీదనే. ఇక్కడ గ్రీజు తప్పనిసరి. అది రెండు లోహాల మధ్య పలుచని పొరలా నిలిచి ఘర్షణనూ, అరుగుదలనూ తగ్గిస్తుంది.

రెండవది రబ్బరు బుష్. ఇది జారదు, మెలి తిరుగుతుంది. దాని లోపలి అంచు బోల్టు వైపున, బయటి అంచు కమాను వైపున బిగుసుకుని ఉంటాయి. మధ్యనున్న రబ్బరు తన స్థితిస్థాపకత వల్ల మెలి తిరిగి మళ్ళీ యథాస్థితికి వస్తుంది. జారడమే లేనప్పుడు కందెనకు పనేముంది?

పని లేకపోవడమే కాదు, హాని కూడా ఉంది. సహజ రబ్బరులో పొడవైన హైడ్రోకార్బన్ గొలుసులు ఉంటాయి. 1839లో అమెరికాకు చెందిన ఛార్లెస్ గుడ్ఇయర్ రబ్బరును గంధకంతో వేడిచేసి గట్టిపరిచే పద్ధతి కనుగొన్నాడు. గంధకం ఆ గొలుసుల మధ్య వంతెనలు కడుతుంది. పెట్రోలియం నుంచి వచ్చే నూనెలూ హైడ్రోకార్బన్‌లే. ఒకే జాతివి కనుక నూనె అణువులు గొలుసుల మధ్యకు సులువుగా దూరతాయి. వంతెనలు ఉండడం వల్ల రబ్బరు కరగదు గాని ఉబ్బి, మెత్తబడి, బలం కోల్పోతుంది. బుష్ వదులైతే చక్రం తన వరుస తప్పుతుంది. టైరు ఒకవైపే అరుగుతుంది. బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగవచ్చు. చప్పుడు ఆపబోయి ప్రమాదాన్ని తెచ్చుకున్నట్లే!

అందుకే కొత్త రబ్బరు బుష్‌ను దూర్చేటప్పుడు తెలిసిన మెకానిక్‌లు సబ్బునీళ్ళు రాస్తారు. లోపలికి జారిన తరువాత నీరు ఆరిపోతుంది, రబ్బరుకు హాని ఉండదు. సిలికోన్ గ్రీజు కూడా సహజ రబ్బరును ఉబ్బించదు. ఇంకొక జాగ్రత్త ఉంది. కారు జాకీ మీద ఉండగా బోల్టును పూర్తిగా బిగించరాదు. చక్రాలు నేలకు ఆని, బరువు కమానుపై పడిన తరువాతే బిగించాలి. లేకుంటే కారు దిగగానే రబ్బరు మెలిపడి, ఎప్పుడూ ఆ మెలికలోనే ఉండి త్వరగా చిరిగిపోతుంది. అరిగి పగిలిన రబ్బరు బుష్‌కు మందు కందెన కాదు, కొత్త బుష్షే.

మీరే పరీక్షించండి. ఒకే పొడవున్న మూడు రబ్బరు బ్యాండ్లు తీసుకోండి. ఒకటి నీటిలో, ఒకటి ఆముదంలో, ఒకటి డీజిల్‌లో వేసి ఒక రోజు ఉంచండి. డీజిల్‌ను పెద్దల సమక్షంలో, నిప్పుకు దూరంగా వాడాలి సుమా! మరునాడు తీసి, తుడిచి, స్కేలుతో కొలవండి. డీజిల్‌లోది బాగా ఉబ్బుతుంది, నీటిలోది దాదాపు మారదు. ఆముదం కూడా నూనెయే కదా, మరి అందులోని బ్యాండు డీజిల్‌లో దానంతగా ఎందుకు ఉబ్బదు? ఆముదం అణువులో ఉన్న హైడ్రాక్సిల్ సమూహాలను గుర్తు చేసుకుని ఆలోచించండి.