చప్పట్లు కొట్టే చేతులు

2023 ఆగస్టులో అమెరికాలో మా అమ్మాయి దగ్గరున్నప్పుడు ఇండియానాపోలిస్‌లో జరిగే ‘డ్రమ్ కోర్’ పోటీలకు తీసుకెళ్లింది. డ్రమ్ములు, ఇత్తడి బాకాలు వాయిస్తూ నూటయాభై మంది దాకా పిల్లలు మైదానంలో కవాతు చేస్తుంటే కళ్లు తిప్పుకోలేకపోయాను.

నా పక్క సీట్లో ఎనభై దాటిన ఓ పెద్దావిడ. 1972లో వైట్‌వాటర్‌లో జరిగిన మొదటి పోటీ నుంచీ వస్తున్నారట. ఒక్క వాయిద్యమూ రాదట! మరెందుకింత శ్రమ అని మా అమ్మాయి చేత అడిగించాను.

“వాయించడానికి వాళ్లున్నారు. వినడానికి ఒకరుండాలిగా!” అన్నారు.

నిజమే. ఈ పిల్లలకు జీతం లేదు సరికదా, ఎదురు ఫీజు కట్టి చేరతారు. వేసవంతా స్కూళ్ల జిమ్ముల్లో నేలమీద పడుకుంటూ ఊరూరా తిరుగుతారు. అంతా పది, పన్నెండు నిమిషాల ప్రదర్శన కోసం! కరోనాతో 2020 పోటీలు రద్దయిన సంగతి చెబుతుంటే ఆవిడ గొంతు పూడుకుపోయింది.

చివర్లో ఓ కుర్రాడొచ్చి తన టోపీ కుచ్చు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. తమకెంతో కావలసినవాళ్లకే అలా ఇస్తారట.

మరి మనమో? స్కూలు వార్షికోత్సవంలో మన పాప డాన్సు అయిపోగానే లేచి వచ్చేస్తాం. తర్వాతి పాపకు చప్పట్లు ఎవరు కొడతారు చెప్పండి?